శంకరశాస్త్రి, బాలు, వాళ్ళ పక్కనున్న మనుషులు

(మన గ్రంథాలయంలో జరిగిన సినిమా సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

ఇవాళ నేను రెండు సినిమాల గురించి మాట్లాడతాను. ఒకటి నాకు ప్రాణం, ఇంకొకటి నా స్నేహితుడికి ప్రాణం. వాడు ఇక్కడే ముందు వరసలో కూర్చున్నాడు. నా తర్వాత వాడి వంతు. నాది శంకరాభరణం. వాడిది సాగర సంగమం. కాలేజీలో ఉన్నప్పుడు మొదలైన పోట్లాట ఇది. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఉద్యోగాలు అయిపోయాయి, పోట్లాట మాత్రం అవలేదు. మా ఇంట్లో ఆడవాళ్ళు, "మీరిద్దరూ మొదలుపెట్టారంటే మేం అన్నాలు తినేసి పడుకుంటాం" అంటారు. నిజమే, పడుకుంటారు కూడా.

అసలు ఈ రెండు సినిమాల మధ్య పోట్లాటేమిటి అని మీకు అనిపించవచ్చు. రెండూ ఒకే చెట్టు కాయలే కదా? శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న వచ్చింది, సాగర సంగమం 1983 జూన్‌లో వచ్చింది. మధ్యలో మూడేళ్ళు. రెండింటికీ దర్శకుడు కె.విశ్వనాథ్ గారే. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారే, పూర్ణోదయా సంస్థే. మాటలు జంధ్యాల, పాటలు వేటూరి, ప్రధాన గాత్రం బాలసుబ్రహ్మణ్యం. మారిందెవరు? సంగీతం కె.వి.మహదేవన్ నుంచి ఇళయరాజాకి వెళ్ళింది. కెమెరా బాలు మహేంద్ర నుంచి పి.ఎస్.నివాస్‌కి వెళ్ళింది. తెర మీద, సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారి చోట, నర్తకుడు బాలుగా కమల్ హాసన్ వచ్చాడు. ఇంతమంది అటూ ఇటూ కలిసే ఉండగా రెండు సినిమాలకీ ఇంత తేడా ఎలా వచ్చింది? మా పోట్లాటంతా అక్కడే.

ఈ పోట్లాటకి మేం ఒక నియమం పెట్టుకున్నాం. "అద్భుతం", "మహాకావ్యం" లాంటి మాటలు చెల్లవు. ఏ సీను, ఏ పాట, ఎవరి ముఖం, ఎక్కడ? చూపించి మాట్లాడాలి. చూపించలేకపోతే ఆ పూటకి ఓడిపోయినట్టే. మీరూ ఇంట్లో ఎవరితోనైనా ఇలా ప్రయత్నించండి. "బాగుంది" అనడం ఎంత తేలికో, "ఎక్కడ బాగుంది" అనే ప్రశ్నకి జవాబు చెప్పడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఇష్టమైన సినిమా గురించి అయితే మరీ కష్టం. అంతా బాగుంది అనిపిస్తుంది కాబట్టి ఏదీ చూపించలేం.

ముందు నా పక్షం చెబుతాను.

శంకరాభరణంలో నాకు ప్రాణమైన చోటు పెద్ద కచేరీ కాదు. బ్రోచేవారెవరురా సీను. గుర్తుందా? తలలూపుతున్నారు, గుర్తుంది. శాస్త్రి ఇంట్లో లేని వేళ ఒక సంగీతం మాస్టారు వచ్చి ఆ కీర్తనని సినిమా పాట ఫక్కీలో మార్చి నేర్పిస్తూ ఉంటాడు. శాస్త్రి వింటాడు. విని ఏం చేస్తాడు? మండిపడతాడు, ఆ తర్వాత పాఠం చెబుతాడు. పిల్లవాడు అమ్మని పిలిచే పిలుపు ఒక్కో బాధకి ఒక్కో రకంగా ఉంటుంది కదా, ఆకలేస్తే ఒకలా, దెబ్బ తగిలితే ఒకలా. మాట ఒకటే అయినా గొంతులో అర్థం మారిపోతుంది కదా అని వివరిస్తాడు. కీర్తన రాసినవాడు ఏ ఆర్తితో పిలిచాడో ఆ ఆర్తి లేకుండా పాడితే అది ఆ కీర్తనే కాదంటాడు. తర్వాత తను పాడి చూపిస్తాడు. ఆ పాడేటప్పుడు కోపం పోతుంది చూడండి. సోమయాజులు గారి ముఖంలో ఒక్కొక్క గీతా సడలుతుంది. తిట్టడానికి మొదలుపెట్టిన మనిషి ప్రార్థనలోకి వెళ్ళిపోతాడు.

సోమయాజులు గారు అప్పటికి సినిమా హీరో కారు. డిప్యూటీ కలెక్టరు. నాటకాల మనిషి. కన్యాశుల్కంలో రామప్పపంతులు వేషానికి పేరు పడ్డ ఆయన. యాభై ఏళ్ళు దాటిన మనిషిని, సంగీత విద్వాంసుడు కాని మనిషిని ముందు పెట్టి, శాస్త్రీయ సంగీతం మీద సినిమా తీశారు. ఇంకా చెప్పాలంటే, పాడిన బాలసుబ్రహ్మణ్యం గారు కూడా గురువు దగ్గర కూర్చుని శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవారు కారు. అయినా ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో గాయకుడు బాలసుబ్రహ్మణ్యం గారు, గాయని వాణీ జయరాం గారు, సంగీత దర్శకుడు మహదేవన్ గారు, ముగ్గురికీ ఈ సినిమాకే వచ్చాయి. వినయంతో చేరుకుంటే ఎంత దూరమైనా చేరుకోవచ్చనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

శాస్త్రి కూతురు శారద సామజవరగమనా పాడుతూ పాడుతూ మనసు ఎక్కడికో పోయి స్వరం తప్పుతుంది. "శారదా!" అని ఒక్క కేక. నేను థియేటర్లో చూసినప్పుడు నా పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఆ కేకలో కూతురి మీద కోపం కంటే స్వరానికి గాయమైందన్న బాధ ఎక్కువ. తన పనిని అంత ప్రేమించే మనిషిని తెర మీద చూడటం నాకు జీవితంలో పెద్ద బలం. ఆఫీసులో ఫైలు రాసేటప్పుడు కూడా ఆ కేక గుర్తొచ్చేది.

ఇప్పుడు మావాడి పక్షం. వాడు వాదించినట్టే చెబుతాను, తేడా వస్తే వాడే లేచి సరిదిద్దుతాడు.

"నీ శాస్త్రి గెలిచినవాడురా" అంటాడు వాడు. "పేదవాడైపోయినా గెలిచినవాడే. కాలికి సన్మానంగా తొడిగిన గండపెండేరం ఉంది, పేరుంది, ఊరు వెలేసినా ఆయన గొప్పవాడని ఆ ఊరికీ తెలుసు. నా బాలు ఎవరు? పెళ్ళిళ్ళలో వంటలు చేసుకునే తల్లి కొడుకు. అన్ని నాట్యాలూ నేర్చుకున్నాడు, ఆడటానికి వేదిక లేదు. ప్రపంచంలో శాస్త్రులెంతమంది? బాలులెంతమంది?" అంటాడు. కాదనగలమా చెప్పండి. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి ఏదో ఒక విద్య చేతికొచ్చి, చూపించుకునే చోటు దొరక్క ఆగిపోయింది? చేతులెత్తమని అడగను.

వాడు చూపించే చోటు ఆ పుస్తకం సీను. అఖిల భారత నృత్యోత్సవం జరుగుతోంది, బాలు కళని గుర్తించిన మాధవి, అంటే జయప్రద గారు, ఆహ్వాన పత్రిక తెచ్చి బాలు చేతికిస్తుంది. చిన్న పుస్తకంలా ఉంటుంది. బాలు తిప్పుతాడు. మహామహుల ఫొటోలు ఒక్కొక్కటే వస్తుంటాయి. ఒక్కొక్కరికీ భక్తితో దణ్ణం పెట్టుకుంటూ పేజీ తిప్పుతాడు. పేజీ తిప్పితే తన ఫొటో. తనదే. ఆ తర్వాత కమల్ హాసన్ ముఖంలో ఏం జరుగుతుందో నేను మాటల్లో చెప్పను, చెప్పలేను. నవ్వా ఏడుపా అని విడదీయలేం. మావాడు ఆ సీను గురించి చెప్పేటప్పుడు తన చేతులతో పేజీలు తిప్పుతాడు, ఇన్నేళ్ళైనా. అక్కడే ఆగితే ఎంత బాగుండును. తల్లి పోతుంది. వేదిక చేజారిపోతుంది. పోయేముందు ఆవిడ కళ్ళ ముందు ఆడతాడు బాలు, జీవితంలో తనకి దక్కిన అసలు వేదిక అదేనన్నట్టు.

సరే, పొగడ్తలయ్యాయి. తిట్లు కూడా చెప్పాలి. స్నేహితులన్నాక తిట్లుంటాయి.

వాడు నా సినిమాని పట్టుకునే చోటు ఆ అర్ధరాత్రి బ్యాండు కుర్రాళ్ళ సీను. పాశ్చాత్య సంగీతం వాయించే కుర్రాళ్ళు గోల చేస్తారు, శాస్త్రి బయటికొచ్చి వాళ్ళని తన పాటతో నోరెత్తకుండా చేస్తాడు. "ఆ కుర్రాళ్ళకి ముఖాలున్నాయా? పేర్లున్నాయా? ఓడిపోవడానికే పుట్టించారు వాళ్ళని" అంటాడు. "మూడేళ్ళ తర్వాత అదే దర్శకుడు ఇళయరాజా గారి చేత పాశ్చాత్య ఫక్కీ వయొలిన్లూ మృదంగమూ ఒకే చోట కూర్చోబెట్టించాడు, చూశావా? అప్పటికి ఆయన మనసులోనే ఆ గోడ కూలింది" అంటాడు. ఈ మాటలో బలముంది, ఒప్పుకుంటాను. సంగీతానికి ఎల్లలు లేవని ఆ సీన్లోనే శాస్త్రి చేత చెప్పించారు కదా అని నేను వాదిస్తాను గాని, చెప్పించడం వేరు, వినిపించడం వేరు. సాగర సంగమం వినిపించింది. ఇళయరాజా గారికి దానికే జాతీయ అవార్డు వచ్చింది, గాయకుడు బాలసుబ్రహ్మణ్యం గారికి మళ్ళీ వచ్చింది.

నేను వాడి సినిమాని పట్టుకునేది మాధవి కూతురు శైలజ విషయంలో. ఆ పిల్ల గర్వం, తల్లిని అనుమానించడం, కసురుకోవడం, అంతా ఒకే స్థాయిలో గట్టిగా సాగుతుంది. బాలుకి ఇచ్చినన్ని నీడలు ఆ పిల్లకి ఇవ్వలేదు. మావాడు దీనికి జవాబు తర్వాత చెబుతాడు, కాగితం మీద రాసుకొచ్చాడు, ఇందాకే చూశాను.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలుచుకున్న విషయానికి వస్తున్నాను. కొంచెం శ్రద్ధగా వినండి.

ఒక రాత్రి ఈ వాదన నడుస్తుండగా మావాడు ఒక ప్రశ్న వేశాడు. "శాస్త్రి ఎంత బాగా పాడతాడో ఇన్నేళ్ళుగా చెబుతున్నావు. ఆయన పాడుతుంటే ఎవరు వింటున్నారో ఎప్పుడైనా చూశావా?" అని. అంతే. ఆ ప్రశ్న పట్టుకుని రెండు సినిమాలూ మళ్ళీ వేసుకున్నాం. హీరోని చూడటం మానేశాం. పక్కనున్న మనుషుల్ని చూడటం మొదలుపెట్టాం.

తులసిని చూడండి. వేశ్య ఇంట పుట్టిన పిల్ల. శాస్త్రి ఏటి ఒడ్డున తెల్లవారుజామున సాధన చేస్తుంటే ఆ పాటకి ఇసుకలో నాట్యం చేస్తుంది. ఆయన చూశాడని తెలియగానే భయపడి ఆగిపోతుంది. ఆయన ఒక్క మాట అనడు. వాళ్ళిద్దరి బంధం అక్కడ మొదలవుతుంది, అక్కడి నుంచి చివరిదాకా వాళ్ళు మాట్లాడుకోవడం దాదాపు ఉండదు. నాయకుడూ నాయికా మాట్లాడుకోని సినిమా! మంజుభార్గవి గారు కళ్ళతో వింటారు. అవును, కళ్ళతోనే. ఆవిడ ముఖం చూస్తే పాట ఎక్కడుందో తెలిసిపోతుంది. మనకి రాగం తెలియకపోయినా, తాళం తెలియకపోయినా, తులసి ముఖంలో ఏం జరుగుతుందో మనకి తెలుస్తుంది. ఆవిడ ద్వారా మనం వింటున్నాం. సంగీతం రాని లక్షలమంది శంకరాభరణం చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారంటే, వాళ్ళకి ఆ దారి చూపించింది తులసి. తన కొడుకుని ఆయన దగ్గరికి శిష్యుడిగా పంపించింది కూడా అందుకే. తను విన్నది తనతో ఆగిపోకూడదు.

ఇంక మాధవయ్య. అల్లు రామలింగయ్య గారు వేశారు, శాస్త్రి స్నేహితుడు, ప్లీడరు. అల్లు వారిని చూడగానే నవ్వడానికి సిద్ధమైపోయే జనం మనం. ఆ మనిషికి ఎంత బరువైన పాత్ర ఇచ్చారో చూడండి. శాస్త్రి ముందు అందరూ చేతులు కట్టుకుని నిలబడతారు. ఆయన ముఖం మీద నిజం చెప్పగల చనువు ఈయనొక్కడికే ఉంది. సంగీతం గురించి ఈయనకి పెద్దగా తెలుసని సినిమా ఎక్కడా చెప్పదు. మనిషి తెలుసు. ఒక మహావిద్వాంసుడి ఇంట్లో అలాంటివాడొకడు లేకపోతే ఆ ఇల్లు మనం కూర్చోలేనంత వేడిగా ఉండేది.

అటు సాగర సంగమానికి వెళితే ఇది ఇంకా స్పష్టంగా ఉంది. రఘు. బాలు స్నేహితుడు. శరత్‌బాబు గారు వేశారు. ఎంతమంది రఘు గురించి మాట్లాడతారు? కమల్ గురించి మాట్లాడతాం, జయప్రద గారి గురించి మాట్లాడతాం. బాలు తాగి పడిపోతే ఎత్తేది ఎవరు? బాలు కోసం అబద్ధాలు ఆడేది ఎవరు? బాలు మీద విసుక్కుని, విసుక్కుని, మళ్ళీ వాడి కోసం పరిగెత్తేది ఎవరు? చివర్లో చక్రాల కుర్చీని వర్షంలోకి తోసుకుంటూ వెళ్ళేది ఎవరు? రఘు ఒక్కసారి కూడా తన జీవితం ఇలా అయిపోయిందే అనడు. ఈ సినిమాలో ప్రేమకథ బాలు మాధవిలది అంటారు. దానికి ఎంతమాత్రం తీసిపోని ప్రేమ బాలు రఘులది అన్నది మావాడూ నేనూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న ఒకే ఒక్క విషయం.

ఇంకా చూడండి. ఈ దృష్టితో చూస్తే ఆ సినిమాలో తమాషా సీన్లు కూడా తమాషాగా మిగలవు. ఒక చిన్న పిల్లాడు కెమెరా పట్టుకుని బాలు ఫొటోలు తీసే సీనుంది కదా? బాలు ఎంతో శ్రమపడి భంగిమ పెడతాడు, పిల్లాడు సరిగ్గా అది చెదిరాక నొక్కుతాడు. మనం పడీపడీ నవ్వుతాం. కానీ ఆ సీను దేని గురించి? చూడటం రానివాడి ముందు కళ పెడితే ఏమవుతుందో దాని గురించి. ఆ పిల్లాడికి కనపడని నర్తకుణ్ణి మాధవి చూస్తుంది. ఆవిడ చూడబట్టే బాలు ఉన్నాడు. అంతకుముందు కూడా ఆడుతూనే ఉన్నాడు, అంతే బాగా ఆడుతున్నాడు, చూసినవాళ్ళు లేరు.

అదే బాలు ఇరవై ఏళ్ళ తర్వాత ఏమయ్యాడు? పత్రికకి నాట్య సమీక్షలు రాసుకునే తాగుబోతు. అంటే ఏమిటి? చూసేవాడయ్యాడు! ఆడవలసినవాడు చూసేవాడయ్యాడు. శైలజ నాట్యం చూసి తప్పని రాస్తాడు. ఆ పిల్ల మండిపడితే, పత్రికాఫీసులోనే ఒకే పాదాన్ని వేర్వేరు నాట్యరీతుల్లో చేసి చూపిస్తాడు. కాలు నిలవని స్థితిలో ఉన్న మనిషి. బల్లలూ కాగితాలూ మధ్యన. నిజంగా చూడగలిగినవాడు ఎలా ఉంటాడో దర్శకుడు అక్కడ చూపించాడు. ఆ సీనుని అందరూ కమల్ ప్రతిభ కోసం చూస్తారు, చూడాల్సిందే. రెండోసారి చుట్టూ నిలబడ్డ ఆఫీసు మనుషుల కోసం చూడండి.

ఇక బావి మీద పాట. తకిట తధిమి. వర్షం, రాత్రి, తాగి బావి గట్టు మీద ఆడుతున్నాడు, జారితే లోపలికి పోతాడు. మాధవి పరిగెత్తుకొస్తుంది. భర్త పోయిన సంగతి బాలుకి తెలియకూడదని నుదుట కుంకుమ పెట్టుకుని వచ్చింది. వర్షంలో ఆ కుంకుమ తడుస్తుంటే బాలు చెయ్యి అడ్డం పెడతాడు. ఒక అరచెయ్యి. చెరిగిపోకూడదని. ఆవిడకి తెలుసు అది అబద్ధపు బొట్టని. ఆయనకి తెలియదు. మనకి తెలుసు. ఒక్క మాట లేకుండా ముగ్గురి మనసుల్ని, మాధవిది, బాలుది, మనది, ఒకే చోట కట్టేశారు. ఈ ఒక్క షాటు గురించి మేం ఎన్ని రాత్రులు మాట్లాడుకున్నామో చెప్పలేను. ఎంతసేపు మాట్లాడినా ఇంకా ఏదో మిగిలిపోతుంది.

విశ్వనాథ్ గారికి ఈ వినే మనిషి మీద, చూసే మనిషి మీద ఇంత శ్రద్ధ ఎక్కడి నుంచి వచ్చింది? నా ఊహ ఒకటి చెబుతాను. ఆయన సినిమాల్లోకి దర్శకుడిగా రాలేదు. మద్రాసులో వాహినీ స్టూడియోలో శబ్ద విభాగంలో పనిచేశారు. సౌండు మనిషి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటల తరబడి ఇతరులు మాట్లాడేది, పాడేది వినడమే ఉద్యోగం. తర్వాత ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర చేరి, ఆ తర్వాత దర్శకుడయ్యారు. వినడంతో జీవితం మొదలుపెట్టిన మనిషికి పాడేవాడితో సమానంగా వినేవాడు కనపడటంలో ఆశ్చర్యమేముంది? తర్వాత తీసిన సిరివెన్నెల చూడండి. చూపు లేని వేణుగాన విద్వాంసుడు, మాట లేని చిత్రకారిణి. స్వర్ణకమలం చూడండి. వెంకటేష్ పాత్ర ఏం చేస్తుంది? పక్కింట్లో ఉన్న అమ్మాయిలో నర్తకిని, ఆ అమ్మాయి కంటే ముందు, చూస్తుంది. ఆయన మళ్ళీ మళ్ళీ అక్కడికే వెళ్ళారు. 2023 ఫిబ్రవరి 2న వెళ్ళిపోయారు, శంకరాభరణం విడుదలైన తేదీనే.

ఇక మా ఇద్దరికీ ఇప్పటికీ తెగనిది ఒకటి మిగిలింది. ముగింపులు. రెండు సినిమాల్లోనూ కళాకారుడు సభలో, తన విద్య శిష్యుల్లోకి వెళ్ళడం చూస్తూ పోతాడు. శాస్త్రి దొరకునా ఇటువంటి సేవ పాడుతూ ఆగిపోతే తులసి కొడుకు అందుకుంటాడు. బాలు శైలజ ఆడుతుండగా పోతాడు. కానీ శంకరాభరణంలో తులసి కూడా పోతుంది, గురువు పాదాల దగ్గర. మావాడికి అది మింగుడుపడదు. "ఆవిడ ఎందుకు పోవాలిరా? కొడుకున్నాడు. కట్టించిన సభామందిరం ఉంది. మాధవిని బతికించిన దర్శకుడు తులసిని ఎందుకు బతికించలేదు?" అని అడుగుతాడు. ఆవిడ తన పని పూర్తి చేసింది, వినడానికి ఇంక ఆ గొంతు లేదు, అందుకే పోయింది అని నేనంటాను. "అది తులసి ఆలోచనా, నీ ఆలోచనా?" అంటాడు వాడు. నేను ఆ ముగింపులో తులసి ముఖమే చూస్తాను, ఇప్పటికీ. నాకు ఆవిడ ముఖంలో తృప్తి కనపడుతుంది. వాడికి అన్యాయం కనపడుతుంది.

దీని మీద వాడే మాట్లాడతానన్నాడు. శైలజ మీద నేనన్న మాటకి జవాబూ వాడి దగ్గరే ఉంది. మధ్యలో కాఫీ ఇస్తారు, అందరూ తీసుకోండి, దయచేసి వెళ్ళిపోకండి. వాడు మాట్లాడాక రెండు సినిమాల చివరి పావుగంట వరసగా వేస్తాం. తులసిని ఒకసారి, రఘుని ఒకసారి చూసి, మీకేమనిపించిందో లేచి చెప్పండి. రారా, మైకు తీసుకో.